ఆక్సిజన్ పెట్టారంటే ఆఖరు కాదు

(సేవాలాల్ మహారాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన గోర్ బోలి బతకాలని పెద్దలు చెప్పారు. ఆ బోలి మాట్లాడాల్సిన పసిపిల్లలు బతకడం గురించి నేను నాలుగు మాటలు చెబుతాను.

మనది కరువు నేల. వేరుశనగ పోయిన ఏడాది అమ్మానాన్నలు బెంగళూరుకు పనికి పోతారు, పసిబిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది. బిడ్డ దగ్గుతూ డొక్కలు ఎగరేస్తుంటే ‘వాళ్లమ్మ రానీ, చూద్దాం’ అంటారు. కొందరు వాతలు పెడతారు. న్యుమోనియా అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదులు నీరుతో, చీముతో నిండిపోవడం. వాత పెడితే ఆ చీము పోదు, ఒంటి మీద పుండు మాత్రం మిగులుతుంది.

సెలవులకు ఇంటికి పోయే మీరు ఒక లెక్క నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, సెల్‌ఫోన్‌లో నిమిషం చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

అనంతపురం పెద్దాసుపత్రికో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికో చేరాక ఇంకో భయం మొదలవుతుంది. ‘ఆక్సిజన్ పెట్టారు, ఇక అయిపోయింది, ఇంటికి తీసుకుపోదాం’ అంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. చీమును తగ్గించేది సూదిమందుగా ఇచ్చే యాంటీబయాటిక్. అది పనిచేయడానికి రోజులు పడుతుంది. అంతవరకు బిడ్డను నిలబెట్టేది ఆక్సిజన్. అది చాలకపోతే బబుల్ సీప్యాప్ పెడతారు. ముక్కు దగ్గర గొట్టం, దాని రెండో కొస నీళ్ల సీసాలో ఉంటుంది. ఆ బుడగల ఒత్తిడి గాలి గదులు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. అదీ చాలకపోతే వెంటిలేటర్. ఆయాసంలో పాలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కు గొట్టంతో కడుపులోకి పోస్తారు. ఆ గొట్టాలను చూసి బెదరకండి.

బంగ్లాదేశ్‌లోని ఢాకాలో ఐదేళ్ల లోపు పిల్లలపై జరిగిన అధ్యయనం 2015లో వచ్చింది. అందరూ తీవ్ర న్యుమోనియాతో, ఒంట్లో ఆక్సిజన్ తగ్గి వచ్చినవారే. మామూలుగా ఆక్సిజన్ ఇచ్చినవారిలో నూటికి 15 మంది చనిపోగా, డాక్టర్ల పర్యవేక్షణలో బబుల్ సీప్యాప్ పెట్టినవారిలో నలుగురే చనిపోయారు.

మీరు చేయగలిగింది ఇదీ: నర్సు చెప్పింది అవ్వకు మన బోలిలో చెప్పండి. డాక్టరు పంపేదాకా బిడ్డను బయటికి తేనివ్వకండి. ఇంట్లో పసిబిడ్డ టీకా కార్డు చూడండి. న్యుమోనియా టీకా పీసీవీ 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా వేస్తారు. వలస వల్ల తప్పిపోతే ఏఎన్ఎం అక్కను అడగండి.

చదువుకున్నవాళ్లు తాండాకు ఏం చేశారని ఎవరైనా అడిగితే, ఊపిరి లెక్కపెట్టి ఒక బిడ్డను వేళకు ఆసుపత్రికి చేర్చామని చెప్పగలిగితే చాలు.

జై సేవాలాల్.