తొమ్మిది ఇస్పేట్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాకటి నుంచీ అందరూ సాధించినవి చెప్పారు. నేను పోగొట్టుకున్నది చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, ఏమీ అనుకోను.

2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు గదిలో ఒంటరిగా ఉండి, ఫోన్‌లో పోకర్ మొదలుపెట్టాను. మన రమ్మీ లాంటిది కాదు. చేతికి రెండు ముక్కలిస్తారు. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు విడతలుగా తెరుస్తారు. విడతవిడతకీ పందెం. మన వంతు వస్తే మూడు దారులు. ఎదుటివాడు కట్టినంత కడితే కాల్, పెంచితే రైజ్, ముక్కలు పడేసి తప్పుకుంటే ఫోల్డ్. ఆలోచించుకోడానికి కొన్ని సెకన్లే ఇస్తారు.

ఒక రాత్రి నా చేతిలో రెండు ఇస్పేట్లు. నాలుగు ముక్కలు తెరిచేసరికి అక్కడా రెండు ఇస్పేట్లు. ఇంకొక్కటి పడితే ఆట నాదే. పందెం సొమ్ము 4,000 ఉంది. ఎదుటివాడు ఇంకో 2,000 వేశాడు. అంటే నేను 2,000 కట్టి 6,000 కోసం చూడాలి.

మాస్టారు పదో తరగతిలో సంచీలో రంగు గోళీలు వేసి చెప్పిన సంభావ్యత లెక్కే ఇది. నాకు కనబడని ముక్కలు 46. వాటిలో ఇస్పేట్లు 9. ఇలాంటి ఆట 46 సార్లు ఆడితే 9 సార్లు 6,000 చొప్పున 54,000 వస్తాయి. 37 సార్లు 2,000 చొప్పున 74,000 పోతాయి. ఇస్పేటు పడ్డాక వాడి చేత ఇంకా కట్టించొచ్చు కదా అనుకున్నాను. వాడి దగ్గర మిగిలింది 1,000. అదీ కలిపితే 63,000. అప్పటికీ నష్టమే. రైజ్ చేసి బెదిరిద్దామంటే, వెయ్యి మాత్రమే మిగిలినవాడు బెదిరిపోడు. ఎటు చూసినా ఫోల్డ్ చేయాల్సిందే.

కాల్ నొక్కాను. అప్పటికే అందులో నావి రెండు వేలు ఉన్నాయి మరి, వదలబుద్ధి కాలేదు.

ఇస్పేటు పడింది! వాడి చివరి వెయ్యి కూడా నాకే వచ్చింది. ఆ రాత్రి ఓడిపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. గెలిచాక లెక్క వేయడమే మానేశాను. పైగా ప్రతి ఆటలోనూ నడిపేవాళ్లకి వాటా పోతుంది, సమానమైనవాళ్లు ఆడుకున్నా మొత్తం మీద అందరి డబ్బూ కరుగుతూనే ఉంటుంది. అది తెలిసీ ఆడాను. నాలుగు నెలల్లో లక్షా ఎనభై వేలు పోయాయి.

తెలంగాణలో 2017లోనే ఇలాంటివి నిషేధించారు. 2025లో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నేను మాత్రం చట్టం వల్ల మానలేదు, డబ్బులైపోయి మానాను.

అది మా చెల్లి పీజీ ఫీజుకి దాచిన డబ్బు. తనూ ఈ బడి విద్యార్థినే, అదిగో మూడో వరసలో కూర్చుంది. ఆ ఏడాది ఫీజు అప్పు చేసి కట్టానని తనకి తెలుసు. ఎందుకు చేశానో ఇప్పుడే వింటోంది.

మాస్టారూ, మీరు చెప్పిన లెక్క మర్చిపోలేదండీ. వేసి చూసుకునే నొక్కాను.