చెరువున విడిచిన చేపపిల్ల



భాగవతమున సత్యవ్రతుని దోసిట పడిన చేపపిల్ల కమండలము చాలక, చెరువు చాలక, తుదకు సముద్రము చేరినది. ఊరిచెరువున విడిచిన పిల్లయు అచ్చటనే నిలువదు. అలుగు పారిననాడు వాగున బడి మంజీరను చేరును.

1957లో ఒడిశాలో హీరాలాల్ చౌదరిగారు చేపలకు మెదడుగ్రంథి రసమును సూదిమందుగా నెక్కించి, ఏటినీరు లేకయే గ్రుడ్లు పెట్టించు పద్ధతిని సాధించిరి. నాటినుండి పిల్లలకై ఏటిపై ఆధారపడు పని తగ్గినది. మేలే జరిగినది. కాని కొన్ని ఉత్పత్తికేంద్రములలో ఖర్చు కలిసివచ్చునని బొచ్చెను, రవ్వను ఒకే తొట్టిలో గ్రుడ్లు పెట్టింతురు. అందు సంకరజాతి పుట్టును. ఇది కంచరగాడిదవలె గొడ్డుది కాదు. మరల సంతానము కనును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది! కల్తీ వరివిత్తనమును మరుసటి యేడు మానవచ్చును. ఏటిలో కలిసిన సంకరమును ఏ వలయు ఏరి తీయజాలదు.

బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగియుండును; నీటి పైపొరలో మేయును. రవ్వ నడిమినీట మేయును. సంకరమునకు తల బొచ్చెకన్న చిన్నది. వేలెడు పిల్లలో ఈ భేదము కనుగొనుట కష్టము.

ఆఫ్రికా మార్పును కేంద్రప్రభుత్వము 2000లో నిషేధించినను, చాటుగా పెంచువారున్నారు. అది చిన్నచేపలను మ్రింగును. నాటుమార్పుతో సంకరమగు ప్రమాదమును కలదు.

2016లో తెలంగాణ ప్రభుత్వము చెరువులకు ఉచితముగ పిల్లలను పంపుట ఆరంభించినది. బండి వచ్చిన దినమున మత్స్యకారుల సంఘమువారు లెక్కతోబాటు, పిల్లలు ఏ కేంద్రమువో, తల్లిచేపలను జాతివారీగ వేరుంచిరో లేదో అడిగి, దస్త్రమున వ్రాయించి, పిమ్మటనే నీట విడువవలెను.