కరెంటు బండికి ప్రభుత్వ రాయితీ: రైతు వేసుకోవలసిన లెక్క



పెట్రోలు బండ్లకు బదులు విద్యుత్ వాహనాలు వాడుకలోకి రావలెనని 2015 నుండి కేంద్ర ప్రభుత్వం రాయితీలు ఇస్తూ వచ్చినది. "రాయితీ ఎంత వస్తుంది?" అనే ప్రశ్నతోనే మనలో చాలమంది షోరూముకు వెళుతున్నారు. "నేను రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాను?" అన్న ప్రశ్న ముందు వేసుకోవలెనని నా మనవి. ఎందుకో చెపుతాను.

ఈ రాయితీ యూరియా బస్తా మీద రాయితీ వంటిది. మన చేతికి రాదు. కంపెనీకి ముడుతుంది, మనకు ధరలో తగ్గి వస్తుంది. కనుక డీలరు నోటిమాట నమ్మక, బిల్లులో ఆ తగ్గింపు విడిగా చూపించినాడా లేదా చూచిన తరువాతనే సంతకం పెట్టండి.

ఇక రాయితీ ఏటేటా ఎట్లా కరిగిపోయినదో చూడండి. 2021 జూన్‌లో బ్యాటరీ పరిమాణాన్నిబట్టి యూనిట్‌కు రు. 15,000 ఇచ్చారు. అనగా 3 యూనిట్ల బ్యాటరీ గల స్కూటరుకు, కార్ఖానా ధరలో నూటికి 40 వంతులు మించకుండా, రు. 45,000 వరకు వచ్చేది. 2023 జూన్ 1 నుండి యూనిట్‌కు రు. 10,000 చేసి, ధరలో నూటికి 15 వంతులు మించరాదన్నారు. 2024 అక్టోబరులో మొదలైన 'పి.ఎం. ఇ-డ్రైవ్' పథకంలో స్కూటరుకు హద్దు రు. 10,000, 2025-26లో రు. 5,000 మాత్రమే. తగ్గింపు రాబోతున్నదని తెలిసి 2023 మే నెలలో దేశంలో లక్షకు పైగా కరెంటు ద్విచక్ర వాహనాలు కొన్నారు; జూన్‌లో అందులో సగం కూడ అమ్ముడుపోలేదు. ఆ తొందరలో కొన్నవారిలో బండి తమ పనికి సరిపోవునా అని ఎందరు ఆలోచించారో!

ట్రాక్టరుకు ఈ కేంద్ర పథకంలో చోటు లేదు. అయితే తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయించినప్పుడు స్కూటర్లు, కార్లు, సరుకు ఆటోలతోపాటు ట్రాక్టర్లను కూడ చేర్చినది. గడువు తేదీని మాత్రం మరువకండి.

ఇప్పుడు మన లెక్క. పెట్రోలు స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. 90 కిలోమీటర్లకు రెండు లీటర్లు, లీటరు నూరు రూపాయల చొప్పున వేసినా రు. 200. అంతే దూరానికి కరెంటు బండికి ఇంచుమించు 4 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలైతే రు. 24. అంటే కిలోమీటరుకు దాదాపు రెండు రూపాయలు మిగులు. కూరగాయలు, పాలు పట్టణానికి చేరవేస్తూ రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే రైతుకు రు. 18,000 దాకా మిగులుతుంది. ఇంటినుండి చేనుకు పోయివచ్చే 5 కిలోమీటర్ల రైతుకు మిగిలేది రు. 3,000. ఈయన పాత బండి నడిచినన్నాళ్లు నడుపుకొనడమే మేలు. ఏ రాయితీ అయినా దీనిని మార్చదు.

మరొక సంగతి. మోటారు షెడ్డు దగ్గర ఉచిత కరెంటు వున్నది గదా అని బండికి అక్కడ చార్జింగు పెట్టకండి. వ్యవసాయ కనెక్షను ఇచ్చినది పంపుసెట్టు కొరకు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం ఇది అనుమతి లేని వాడకం. రెట్టింపు రేటున వసూలు చేస్తారు. ఇంటి మీటరు నుండి, ఎర్తు సరిగా వున్న ప్లగ్గులో, రాత్రిపూట పెట్టుకొండి.