ఫొటోకూ ఓపెనింగ్ బ్యాలెన్స్ ఉంటుంది

(శ్రీ విజయపురంలో గణతంత్ర దినోత్సవానికి ముందు జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



బ్యాలెన్స్ అనే మాట మన ఇళ్లలో ఎవరికీ కొత్త కాదు. పొద్దున ఓపెనింగ్ బ్యాలెన్స్ తప్పు పడితే సాయంత్రం దాకా ఎంత జాగ్రత్తగా రాసినా లెక్క తేలదు. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ కూడా అలాంటిదే. ‘ఈ వెలుగులో తెలుపంటే ఇదీ’ అని కెమెరాకు ముందే చెప్పడం. అది సరిగ్గా చెబితే మిగతా రంగులు వాటంతటవే కుదురుకుంటాయి.

మన వేడుకలకు కొన్నేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను కాబట్టి ఈ నాలుగు మాటలు చెప్పమన్నారు. 26న పొద్దున జెండా వందనం, తర్వాత పిల్లల ఆటలు, మధ్యాహ్నం ముగ్గుల పోటీ, సాయంత్రం పదవీ విరమణ చేస్తున్న మన సహోద్యోగికి సన్మానం. అన్నీ ఆరుబయటే.

మనలో చాలామంది కెమెరాను, ఫోన్‌ను ‘ఆటో’లో వదిలేస్తాం. ఆటో ప్రతి ఫొటోకూ కొత్తగా లెక్క వేసుకుంటుంది. ఫ్రేము నిండా పసుపు చీర ఉంటే వెలుగే పచ్చగా ఉందనుకుని నీలం కలుపుతుంది. అదే మనిషి సముద్రం వైపు తిరిగి నిలబడితే నీలం ఎక్కువైందని పసుపు కలుపుతుంది. ఫొటోలు విడివిడిగా చూస్తే బాగానే ఉంటాయి. ఆల్బమ్‌లో పక్కపక్కన పెడితే ఒకే చీర మూడు రంగుల్లో కనిపిస్తుంది.

అదేమంత పెద్ద విషయమా అంటారేమో. మా సహోద్యోగి ఒకామె పచ్చటి షామియానా కింద ఫోన్‌తో తీయించుకున్న ఫొటో శ్రీకాకుళంలో ఉన్న వాళ్లమ్మగారికి పంపింది. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది: ‘పిల్లకి పచ్చకామెర్లా? డాక్టరుకి చూపించారా?’ అని. నవ్వుకున్నాం గానీ, ఆ తల్లికి ఆ రాత్రి నిద్ర లేదు. విశాఖకూ మనకూ మధ్య దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం ఉంది. అవతలి ఒడ్డున ఉన్నవాళ్లు మనల్ని చూసేది ఎక్కువగా ఈ ఫొటోల్లోనే. అందులో మన ముఖం మన రంగులో ఉండాలి.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పచ్చగా, ఆపైన తెల్లగా మెరుస్తుంది. అలాగే అంకె పెరిగేకొద్దీ వెలుగు ఎరుపు నుంచి నీలం వైపు జరుగుతుంది. పాతకాలపు బల్బు వెలుగు సుమారు 2,800. నడి ఎండ 5,500. మబ్బు పడితే 6,500. నీలాకాశం కింద చెట్టు నీడలో 7,500 దాకా వెళ్తుంది.

ఇక మన ద్వీపాల సంగతి. దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. మనం దానికి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, ఇక్కడ సూర్యుడు గడియారం కంటే 40 నిమిషాలు ముందుంటాడు. జనవరి 26న హైదరాబాద్‌లో ఆరు దాటాకే పొద్దు గుంకుతుంది. ఇక్కడ 5.20 లోపే. అంటే నాలుగున్నరకు సన్మానం మొదలుపెడితే, దండ వేసేటప్పుడు బంగారు ఎండ, శాలువా కప్పేటప్పుడు సంధ్య, వందన సమర్పణకు లైట్లు. గంటలో మూడు వెలుగులు. అందుకే నిర్వాహకులకు నా మనవి: సన్మానం మూడున్నరకు పెట్టండి. గ్రూప్ ఫొటో ముందే తీసేద్దాం.

ఫొటోలు తీసేవాళ్లు చేయాల్సింది మూడు పనులు. మొదటిది, ఆటో తీసేయడం. ఎండలో ‘డేలైట్’, మబ్బులో ‘క్లౌడీ’, నీడలో ‘షేడ్’ పెట్టుకోవాలి. చాలా ఫోన్లలో ప్రో మోడ్‌లో ఈ వీలుంది. వెలుగు మారితేనే సెట్టింగ్ మార్చాలి. మనుషులు మారారని మార్చకూడదు.

రెండోది, వెలుగు మారిన ప్రతిసారీ ఆ వెలుగులోనే గ్రే కార్డుకు ఒక ఫొటో తీయడం. తర్వాత కంప్యూటర్‌లో దాన్ని బట్టి ఒకటి సరిచేసి, అదే సవరణ ఆ వరుస మొత్తానికి వేయొచ్చు. రా ఫైలుగా తీస్తే ఈ పని ఇంకా తేలిక. తెల్ల కాగితం చాలదా అంటారు. ప్రింటింగ్ కాగితంలో తెల్లగా మెరవడానికి రసాయనం కలుపుతారు. ఎండలో అది కాస్త నీలంగా మెరుస్తుంది. ఏమీ లేనప్పుడు పరవాలేదు గానీ, నమ్మదగింది గ్రే కార్డే.

మూడోది షామియానా. రంగు గుడ్డ లోంచి వచ్చే వెలుగు ఆ రంగే పులుముకుంటుంది. లోపల ఒక వెలుగు, బయట ఒక వెలుగు ఉన్నప్పుడు ఏ సెట్టింగూ రెంటినీ సరిచేయలేదు. ముఖాల వైపు మొగ్గండి, వెనక ఎండ ఎలా ఉన్నా ఫరవాలేదు. టెంట్ హౌస్‌కు ముందే చెప్పి తెల్ల గుడ్డ వేయించుకుంటే సగం బాధ తీరుతుంది. ముగ్గుల పోటీకి ఇది మరీ ముఖ్యం. తెల్లవారుజామున లేచి రంగులు కలుపుకున్న ఆడపడుచుల కష్టం ఫొటోలో వెలిసిపోకూడదు కదా.

చివరగా జెండా. 1943 డిసెంబర్ 30న నేతాజీ ఈ ఊళ్లోనే, జింఖానా మైదానంలో జెండా ఎగరేశారు. ఆనాటి ఫొటోలు నలుపు తెలుపు. మన చేతిలో రంగుల కెమెరా ఉంది. కాషాయం ఎర్రబడినా, పసుపెక్కినా తప్పు మనదే అవుతుంది. జెండాలోని తెల్ల పట్టీ చూసి వైట్ బ్యాలెన్స్ పెట్టకండి, ఎగిరే గుడ్డలోంచి ఆకాశం వెలుగు దూరుతుంది. గ్రే కార్డుతో పెట్టి, తెల్ల పట్టీ తెల్లగా వచ్చిందో లేదో సరిచూసుకోండి. అది తేలితే ఆ రోజు లెక్క సరిపోయినట్టే.

26న పొద్దున నా సంచిలో రెండు గ్రే కార్డులు ఎక్కువే ఉంటాయి. పిల్లలూ, కావాల్సినవాళ్లు వచ్చి తీసుకోండి.  జై హింద్.