సీటు ఒక పరీక్ష, డబ్బు మరో పరీక్ష

(సిబ్బంది కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బ్రాంచీల్లో విద్యా రుణాలు చూసే ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. జూన్, జులై వచ్చేసరికి పిల్లల చేతిలో ఆక్స్‌ఫర్డ్ లేదా కేంబ్రిడ్జి ఆఫర్ లెటర్ ఉంటుంది. నాన్న చేతి సంచిలో ఇంటి దస్తావేజులుంటాయి. కాగితాలన్నీ చూపించాక నెమ్మదిగా అడుగుతారు: "ఏదైనా స్కాలర్‌షిప్ దొరికే దారి ఉందాండీ?" అప్పటికి ఆ ఏడాది పెద్ద స్కాలర్‌షిప్పుల గడువులు దాటిపోయి నెలలు గడిచి ఉంటాయి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. సీటు ఒక పరీక్ష, డబ్బు మరో పరీక్ష. రెండో దానికి ముందే చదవడం మొదలుపెట్టాలి.

ఇంకో అపోహ కూడా ఉంది. డబ్బంతా ఒకే చోట నుంచి రావాలని అనుకుంటాం. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చూడండి. 1922లో హార్వర్డ్ చదువుకు బయల్దేరినప్పుడు ఆయనకు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం మాట ఇచ్చింది. మామగారు మరికొంత సమకూర్చారు. అక్కడికి వెళ్లాక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి ఖర్చులు గడుపుకున్నారు. ధర్మనిధి, కుటుంబం, సొంత కష్టం, ఈ మూడూ కలిస్తేనే ఆ చదువు సాగింది. వందేళ్ల తర్వాత కూడా లెక్క అదే. మీ పట్టికలో కనీసం నాలుగు వనరులుండాలి.

మొదటి వనరు విశ్వవిద్యాలయమే. ఆక్స్‌ఫర్డ్‌లో క్లారెండన్ ఫండ్ అని 2001 నుంచి ఉంది. ఫీజు మొత్తం కట్టి, జీవన వ్యయానికీ డబ్బిస్తుంది. దీనికి వేరే దరఖాస్తు లేదు. మీ కోర్సుకు డిసెంబరులోనో జనవరిలోనో ఉండే గడువులోగా దరఖాస్తు పెడితే చాలు, మిమ్మల్ని పరిశీలిస్తారు. ఆ గడువు దాటాక పెడితే సీటు వస్తుందేమో గాని ఈ డబ్బు రాదు. కేంబ్రిడ్జిలో గేట్స్ కేంబ్రిడ్జి స్కాలర్‌షిప్ 2000లో ఏర్పడింది. ప్రపంచమంతటి నుంచీ ఏటా సుమారు 80 మందిని తీసుకుంటారు. అడ్మిషన్ దరఖాస్తులోనే దానికో ప్రత్యేక భాగం ఉంటుంది. అది నింపకుండా వదిలేస్తే ఎంత మార్కులున్నా ఎవరూ మిమ్మల్ని వెతుక్కుంటూ రారు.

రెండోది ప్రభుత్వాల డబ్బు. బ్రిటిష్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవెనింగ్ ఒక ఏడాది మాస్టర్స్‌కు పూర్తి ఖర్చు భరిస్తుంది. రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు, చూపించాలి. మూడు కోర్సులు ఎంచుకోవాలి. చదువయ్యాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. కాబట్టి డిగ్రీ కాగానే వెళ్లాలనుకునే వారికి ఇది కుదరదు, ఉద్యోగంలో చేరిన పిల్లలకు బాగా కుదురుతుంది. దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ ఉంది. ఎంపికైతే ఫీజు పోగా నెలకు 1,400 యూరోలు చేతికిస్తారు.

మన కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లల కోసం. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి ఉన్నాయి. మనలో చాలామంది జీతం ఈ పరిమితులు దాటిపోతుంది, నిజమే. కానీ మీ బ్రాంచిలో ఊడ్చే ఆమె కూతురికి, ఊళ్లో మీ పొలం కౌలు చేసే రైతు కొడుకుకు ఈ సమాచారం చెప్పేది మీరే. ఆ పని మర్చిపోకండి.

మూడోది ట్రస్టులు. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి నడుస్తోంది. మన మాజీ రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లింది టాటా స్కాలర్‌షిప్ మీదే. అయితే ఎండోమెంట్ ఇచ్చేది రుణ స్కాలర్‌షిప్, తిరిగి కట్టాలి. ఇన్లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ ఇచ్చేది పెద్ద మొత్తమే గాని ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్, బిజినెస్ చదువులకు ఇవ్వదు. అందుకే వ్యాసం రాయడానికి వారం కూర్చునే ముందు అర్హతల పేజీ పది నిమిషాలు చదవండి.

వ్యాసం మాట వచ్చింది కాబట్టి పిల్లలకు ఒక సూచన. ఒకే వ్యాసాన్ని అందరికీ పంపకండి. గేట్స్ కేంబ్రిడ్జి వారు తెలివితేటలతో పాటు ఇతరుల జీవితాలు బాగుచేయాలన్న పట్టుదల చూస్తారు. చీవెనింగ్ వారు నాయకత్వం చూస్తారు. మీరు చేసిన పని చిన్నదైనా సరే, ఏం చేశారో, దానివల్ల ఎవరికేం మారిందో రాయండి. రిఫరెన్సు లెటరు కోసం ప్రొఫెసరు గారిని గడువుకు రెండు నెలల ముందే కలవండి. ఆఖరి రాత్రి ఫోను చేస్తే ఆయనైనా ఏం రాస్తారు?

నాలుగోది మన రుణం. ఇది మనకు తెలిసిన విద్యే, అయినా ఇంట్లో లెక్క వేయం. 30 లక్షలు 10 శాతానికి ఒకేసారి తీసుకున్నారనుకుందాం. ఏడాది కోర్సు, ఆపైన ఏడాది మారటోరియం. సాధారణ వడ్డీయే 6 లక్షలవుతుంది. మొదటి ఇ.ఎం.ఐ. కట్టేనాటికి బాకీ 36 లక్షలు. అదే 10 లక్షల స్కాలర్‌షిప్ వచ్చి రుణం 20 లక్షలకు తగ్గితే, బాకీ 24 లక్షలే. అంటే 10 లక్షల స్కాలర్‌షిప్ విలువ నిజానికి 12 లక్షలు. కొంత మొత్తమే కదా అని చిన్నవాటిని వదిలేయకండి. విద్యా రుణాల నమూనా పథకంలో స్కాలర్‌షిప్‌ను మార్జిన్ కింద కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ఇంకొకటి, బ్రిటన్ వీసాకు చూపించే డబ్బు సొంత ఖాతాలోదైతే వరసగా 28 రోజులు అందులో ఉండాలి. పక్కింటివాళ్ల దగ్గర రెండు రోజులకు చేబదులు తెచ్చి చూపిస్తే కుదరదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. మొదటిది, ఎంత పెట్టగలరో పిల్లలకు ముందే అంకెతో చెప్పండి. "నువ్వు చదువు, డబ్బు సంగతి నేను చూసుకుంటా" అనే మాట ప్రేమతోనే అంటాం. ఆ మాట నమ్మి వాళ్లు స్కాలర్‌షిప్ వెతకడం మానేస్తారు. రిటైరయ్యాక మీ మందులకూ, మీ ఇద్దరి బతుక్కీ ఉన్నది ఆ పి.ఎఫ్., గ్రాట్యుటీయే. చదువుకు అప్పిచ్చే బ్యాంకులున్నాయి, ముసలితనానికి అప్పిచ్చేవాళ్లు లేరు.

రెండోది ఆడపిల్లల గురించి. కార్నేలియా సొరాబ్జీ బొంబాయి ప్రెసిడెన్సీలో అందరికంటే ముందు నిలిచినా, ఇంగ్లండులో చదివే ప్రభుత్వ స్కాలర్‌షిప్ స్త్రీ అన్న కారణంగా ఇవ్వలేదు. తెలిసినవాళ్లు చందాలు పోగుచేశారు, ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా ఇచ్చారు. అలా 1889లో ఆమె ఆక్స్‌ఫర్డ్ చేరారు. ఇవాళ ఏ స్కాలర్‌షిప్పూ ఆ మాట అనదు. అబ్బాయికి ఇల్లు తనఖా పెట్టి, అమ్మాయి దగ్గరికొచ్చేసరికి పెళ్లి ఖర్చు గుర్తు చేసేది మన ఇళ్లే.

ఇన్ని చేసినా డబ్బు రాకపోవచ్చు. అప్పుడు ఆఫర్ వచ్చింది కదా అని ఇల్లమ్మడం ఒక్కటే దారి కాదు. సీటు వచ్చే ఏటికి వాయిదా వేస్తారేమో రాసి అడగండి. ఉద్యోగం చేసి అనుభవంతో మళ్లీ పెట్టండి. మన దేశంలోనే గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే అర్హులైన వారికి నెలకు 12,400 రూపాయలు వస్తాయి. జె.ఆర్.ఎఫ్. సాధిస్తే పరిశోధనకు నెలకు 37,000. ఇవి ఓడిపోయినవాళ్ల దారులు కావు. స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, వాటా ఇవ్వండి అని ఫోన్లు చేసేవాళ్లను మాత్రం గడప తొక్కనివ్వకండి.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి: స్కాలర్‌షిప్ పేరు, అర్హత, గడువు, ఎవరు చూస్తారు. నాలుగో గడిలో ఇంట్లో ఒకరి పేరు తప్పకుండా రాయండి. వచ్చే ఏడాది అక్టోబరులో క్లాసులో కూర్చోవాలంటే ఆ కాగితం ఈ ఏడాదే గోడకెక్కాలి.