రంగుల పిచికారి - ఆలనా పాలనా

గత సంక్రాంతికి ముందు కొల్లిపరలో మా అక్కయ్యగారి యింట గోడలకు రంగులు వేయించుచుండిరి. బావగారు కరెంటుతో నడచు పిచికారి యంత్రము నొకదానిని కొని తెచ్చిరి. వీధిగోడ సగమగునప్పటికి ఆ యంత్రము గాలిని మాత్రమే వదల నారంభించినది, రంగు రాలేదు. మోటారు కాలిపోయినదని ఇంటిల్లిపాదియు నిశ్చయించిరి. నేను వెళ్ళునప్పటికి రంగులు వేయు కుర్రవాడు అరుగుమీద తల వంచుకొని కూర్చుండియుండెను. ఆనాటి కూలి యిచ్చుటకు బావగారికి మనసొప్పుట లేదు. "మోటారు నేను కాల్చలేదండి" అని ఆ కుర్రవాడు నాతో మెల్లగా చెప్పెను.

అతడు చెప్పినది నిజము. గాలి బలముగా వచ్చుచున్నదనగా మోటారు తిరుగుచున్నదన్నమాటయే గదా!

ఈ యంత్రము పని చేయు తీరు తెలిసినచో సగము చిక్కులు తీరును. మోటారు ఒక చిన్న పంకాను త్రిప్పి గాలిని ముక్కు వైపునకు తోయును. ఆ గాలిలో కొంత ఒక సన్నని గొట్టము ద్వారా రంగు డబ్బాలోనికి పోయి రంగును పైనుండి నొక్కును. అట్లు నొక్కబడిన రంగు వేరొక గొట్టము గుండ ముక్కు వద్దకు ఎక్కి, అచ్చట గాలి తాకిడికి తుంపరలగును. సన్నని గొట్టములో రంగు వెనుకకు రాకుండ ఒక వాల్వు ఉండును. కనుక గాలి వచ్చి రంగు రానప్పుడు చూడవలసినది మోటారును కాదు. డబ్బా మూతి గట్టిగా బిగిసినదా, దాని వాషరు చెక్కుచెదరక యున్నదా, రంగు నెక్కించు గొట్టము ఊడినదా, వాల్వు మూసికొని పోయినదా అని చూడవలెను.

మేము ప్లగ్గు ఊడదీసి వాల్వు విప్పితిమి. అందులో ఎండిన ఎనామిల్ పెచ్చు ఒకటి అడ్డుపడి యున్నది. గోడకు వేయునది నీటిలో కలియు రంగు. మరి ఎనామిల్ ఎక్కడిది? ముందునాటి సాయంకాలము బావగారే యంత్రమును పరీక్షించు ఉత్సాహములో గేటుకు ఎనామిల్ వేసి, కడుగకయే అటకమీద పెట్టినారట! వాల్వును టర్పెంటైనులో నానబెట్టి, చీపురుపుల్లతో ఆ పెచ్చును తీసివేసితిమి. రంగు వచ్చినది. బావగారు మరేమియు మాటాడలేదు. కూలి మాత్రము చేతిలో పెట్టిరి.

పని ముగిసిన గడియలోనే యంత్రమును కడుగుట అన్నిటికంటె ముఖ్యము. నీటి రంగయినచో నీటితోను, నూనె రంగయినచో టర్పెంటైనుతోను కడుగవలెను. డబ్బాలో కొంచెము పోసి, ఆరుబయట, తెల్లని ధార వచ్చువరకు పిచికారి చేసి, పిదప ప్లగ్గు తీసి ముక్కును, సూదిని, గొట్టములను విడదీసి తుడువవలెను. ముక్కు రంధ్రములో ఇనుప తీగ దూర్చరాదు. రంధ్రము కొంచెము పెద్దదయినను తుంపర వంకరపోవును. పిచికారీని మొత్తముగా టర్పెంటైనులో ముంచుటయు తగదు; వాషర్లు ఉబ్బును. పెట్రోలు జోలికి ఎన్నడును పోరాదు. మోటారులోని నిప్పురవ్వ ఒక్కటి చాలును. నూనె రంగులు వేయునప్పుడు తలుపులు, కిటికీలు తెరచి, పొయ్యి ఆర్పి, ముక్కుకు తగిన మాస్కు కట్టుకొనవలెను.

రంగు బొట్లుబొట్లుగా ఉమిసినచో అది చిక్కగా ఉన్నదనియో, ముక్కు వదులయినదనియో, డబ్బాలో రంగు అడుగంటినదనియో ఎంచవలెను. రంగును పలుచని నూలుబట్టలో వడకట్టియే పోయవలెను. ముక్కును గోడకు జానెడు దూరమున, అనగా 20 నుండి 25 సెంటీమీటర్ల ఎడమున నిలిపి, చేతిని ఆపకుండ నడపవలెను. చేయి ఆగినచోట రంగు కారును.

మన డెల్టాలో సంక్రాంతి రంగులకును వరి నూర్పులకును కాలమొక్కటే. కళ్ళములనుండి లేచిన దుగ్గు యంత్రపు గాలి ఫిల్టరులో పేరుకొని గాలి మందగించును, మోటారు వేడెక్కును. ఆ రోజులలో ఫిల్టరును దినదినము దులుపుట మంచిది. సన్నని తీగ గల పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టినను మోటారుకు వోల్టేజి చాలక వేడి పుట్టును.

గాలి లేకయే రంగును నొక్కి పంపు పెద్ద యంత్రములు వేరు. వానిలో కొన్నిటి ఒత్తిడి 200 బార్ వరకు, అనగా కారు చక్రములోని గాలికి సుమారు నూరు రెట్లు ఉండును. ఆ ధార వేలికి తగిలినచో రంగు చర్మములోనికి దిగును. పైకి సూది గ్రుచ్చినట్లే కనబడినను అప్పుడే ఆసుపత్రికి పరుగెత్తవలసిన గాయమది.

ఒక వింత చెప్పెదను. 1888లో అమెరికాలోని టొలీడో పట్టణమున డివిల్బిస్ అను వైద్యుడు రోగుల గొంతులలోనికి మందు చల్లుటకు ఒక చిన్న పిచికారీని కల్పించెను. తరువాత ఆయన కుమారుడు ఆ సూత్రమునే రంగులు చల్లుటకు మలచెను. గొంతులో చల్లు పరికరమును ఎండిన మందుతో ఎవరైన దాచుదురా?

దాచునప్పుడు సూదికి, మరలకు రవంత వాజలీను పూసి, డబ్బా మూతిని వదులుగా ఉంచుడు. బిగించి పెట్టినచో వాషరు అణగిపోయి మరుసటి యేడు గాలి కారును. తడి ఆరకుండ అటక ఎక్కింపకుడు.