గర్భములోని ప్రాణము — చట్టము, మనస్సాక్షి, సంఘము

(మన డయోసీసు శతవార్షికోత్సవముల సందర్భముగా స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో గర్భస్రావమును గురించిన ప్రసంగమెందుకని కొందరు మమ్మును అడిగారు. కట్టిన గుడులను గురించి, నడిపిన బడులను గురించి చెప్పుకొనుట మనకు సంతోషమే. అయితే మన ఇండ్లలో తలుపులు వేసుకొని ఏడ్చే సంగతిని గురించి ఒక్క గంటయినా మాట్లాడకపోతే ఈ పండుగ నిండుగా ఉండదని తలచి మేము ఒప్పుకున్నాము.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వేదాంత కళాశాలలో పట్టా పుచ్చుకొని మొదటి పాస్టరేటుకు వెళ్ళిన రోజులవి. ఒక సాయంకాలము కూలిపని నుండి తిన్నగా వచ్చి ఒక సహోదరి మా ఇంటి మెట్ల మీద కూర్చున్నది. ముగ్గురు బిడ్డల తల్లి. "అయ్యగారూ, లూపు వేయించుకున్నా నెల తప్పిందండి. తీయించుకుంటే పాపమా?" అని అడిగింది. మేము యిర్మీయా మొదటి అధ్యాయము, 139వ కీర్తన తెరిచి చూపాము. ప్రార్థన చేసి పంపాము. చెప్పిన వాక్యములో తప్పు లేదు. కాని ఆమె భర్తను పిలిచి మాట్లాడలేదు. ఇంట్లో బియ్యమున్నవో లేవో అడుగలేదు. వారము తిరుగకముందే ఆమె పొరుగూరిలో నాటువైద్యము చేసే మనిషి దగ్గరకు వెళ్ళింది. ఒళ్ళు కాలిపోయే జ్వరముతో ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణము దక్కింది, గర్భసంచి పోయింది. తరువాత సంఘ కమిటీలో ఆమెను ప్రభువు బల్లకు దూరముగా ఉంచాలా అను చర్చ వచ్చింది. ఆమె భర్త ఆ నెలలో కూడ బల్ల తీసుకున్నాడు. అతని మాట ఎవ్వరూ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఆనాడు మాకు వాక్యము తెలుసుననుకున్నాము. చట్టము మాత్రము తెలియదు. ఆమెకు అసలే తెలియదు. అందుకని ముందు చట్టమును గురించి నాలుగు మాటలు.

2024 వరకు అమలులో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షను ప్రకారము తల్లి ప్రాణము కాపాడుటకు తప్ప గర్భస్రావము చేయించుట నేరముగా ఉండేది. చేయించుకొన్న స్త్రీకి కూడ శిక్ష ఉండేది. చాటుమాటు వైద్యముతో తల్లులు చనిపోతూ ఉంటే 1964లో శాంతిలాల్ షా కమిటీని నియమించారు. ఆ కమిటీ సిఫారసుల మీదట 1971లో గర్భవిచ్ఛిత్తి చట్టము వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుండి అమలయింది. తల్లి ప్రాణమునకు అపాయము, ఆమె శరీరమునకు గాని మనస్సునకు గాని తీవ్రమైన హాని, బలాత్కారము, శిశువునకు తీవ్రమైన అంగలోపము — ఇవి అందులోని కారణములు. కుటుంబ నియంత్రణ సాధనము విఫలమై వివాహితకు నిలిచిన గర్భమును కూడ మనస్సునకు హాని కలిగించేదిగా ఎంచవచ్చునన్నారు. అంటే మా మెట్ల మీద కూర్చున్న ఆ సహోదరి ప్రభుత్వ ఆసుపత్రికి తలయెత్తుకొని వెళ్ళవచ్చును. భర్త సంతకము కూడ అక్కరలేదు. వయసు వచ్చిన స్త్రీకి తన అంగీకారము చాలును.

2021లో ఈ చట్టమును సవరించారు. 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. 20 నుండి 24 వారముల వరకు కొన్ని తరగతుల స్త్రీలకే, అదీ ఇద్దరు వైద్యుల అభిప్రాయము మీద. ఆపైన శిశువునకు తీవ్రమైన లోపమున్నదని వైద్యమండలి తేల్చాలి. తల్లి ప్రాణము కాపాడవలసి వస్తే ఈ గడువు అడ్డురాదు. పెండ్లి కాని స్త్రీలను ఆ తరగతుల నుండి మినహాయింపరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే కోర్టు 2023 అక్టోబరులో ఇద్దరు బిడ్డల తల్లికి 26 వారములు దాటిన గర్భము తీయుటకు ఒప్పుకొనలేదు. శిశువు ఆరోగ్యముగా ఉన్నది, తల్లికి తక్షణ ప్రాణాపాయము లేదన్నది. తల్లి మాట ఎంతవరకు, శిశువు ప్రాణము ఎప్పటినుండి అను ప్రశ్న న్యాయమూర్తులను సైతము బాధించిందని దీనివలన తెలుస్తుంది.

ఇక మనస్సాక్షి సంగతి. పిండము మొదలుకొని అది మనుష్య ప్రాణమే, దానికి నోరు లేదు గనుక మనమే నోరు కావాలని ఒక పక్షము. మోసే శరీరము ఆమెది, పెంచే కష్టము ఆమెది, నిర్ణయము మాత్రము ఇతరులదా అని రెండవ పక్షము. రెండిటిలోను నిజమున్నది. సంఘ చరిత్రలో కూడ మాట ఒక్కటిగా లేదు. తొలి శతాబ్దముల డిడాకే గ్రంథము గర్భహత్యను నిషేధించింది. అగస్టీను, అక్వినాసు దానిని పాపమనే బోధించారు గాని, రూపము ఏర్పడని పిండమునకు, ఏర్పడిన దానికి భేదము చూపారు. నిర్గమకాండము 21వ అధ్యాయములో పోట్లాటలో గర్భవతికి దెబ్బ తగిలినప్పటి కట్టడను పండితులు నేటికీ రెండు విధములుగా చదువుతున్నారు.

మా మట్టుకు మేము గర్భములోని ప్రాణము దేవుని దానమని నమ్ముతున్నాము. దానిని తీయుట చిన్న సంగతి ఎన్నడూ కాదు. అయినను ప్రతి గర్భస్రావమును హత్య అని పిలిచి తల్లిని బోనులో నిలబెట్టుట దేవుని హృదయమని చెప్పజాలము. ఐర్లండులో 2012 అక్టోబరులో సవితా హలప్పనవర్ అను మన దేశపు దంతవైద్యురాలు మరణించిన సంగతి పత్రికలలో చదివియుంటారు. పదిహేడవ వారములో గర్భము నిలువదని తెలిసినా, శిశువు గుండె కొట్టుకొంటున్నదని వైద్యులు చేయి వేయలేదు. రక్తము విషమయమై ఆమె పోయింది, శిశువూ దక్కలేదు. 2018లో ఆ దేశ ప్రజలు ఓటువేసి రాజ్యాంగమునే మార్చుకున్నారు. ప్రాణమును కాపాడుటకని కట్టిన గోడ ప్రాణమునే తీసింది.

మన దేశములో మరియొక పాపము ఉన్నది. స్కానింగులో ఆడపిల్ల అని తెలుసుకొని తీయించుట. 1994 నాటి చట్టము లింగనిర్ధారణను నిషేధించింది. అయినను ఆరేండ్ల లోపు ప్రతి 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 927, 2011లో 919. ఇది తల్లి స్వేచ్ఛ అని ఎవరనగలరు? చాలా ఇండ్లలో ఆమెను ఎవరూ అడుగనే అడుగరు. ఈ విషయములో మన ఇండ్లు శుద్ధముగా ఉన్నవా? మనవడు కావాలని ప్రార్థన చేయించుకొనుటకు వచ్చే పెద్దలను మేమెరుగుదుము.

కాబట్టి ఈ నూరవ యేట సంఘము చేయవలసిన పనులు మూడు కనబడుతున్నవి. ఒకటి, భయపడి వచ్చిన స్త్రీకి ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వాలి, తీర్పు తరువాత. ఆమె చెప్పినది గడప దాటరాదు. రెండు, ప్రతి పాస్టరేటులో ఒక డాక్టరమ్మనో నర్సమ్మనో కలుపుకొని స్త్రీల మైత్రివారు చట్టము, కుటుంబ నియంత్రణ, సర్కారు ఆసుపత్రి సౌకర్యములు వివరించాలి. మూడు, బిడ్డను కనుమని చెప్పే సంఘము ఆ బిడ్డ పాలకు, బడికి, తల్లి పోయిన కూలికి తన సంచి విప్పాలి. పెండ్లి కాని తల్లి బిడ్డకు కూడ బాప్తిస్మపు తొట్టి దగ్గర చోటివ్వాలి. సంచి విప్పనివాడు తీర్పు చెప్పరాదు. ఇక క్రమశిక్షణ అంటే పురుషునికి కూడ అది వర్తించాలి.

కొన్నేండ్ల తరువాత మేము ఆ సహోదరి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆ రోజు మీరు మా ఇంటికొచ్చి ఆయనతో ఒక్క మాట మాట్లాడుంటే బాగుండేదండి అయ్యగారూ" అన్నది. ఆమె బిడ్డను ఉంచుకొనేదో లేదో మాకు తెలియదు. కాని ఆ చీకటిలో ఒంటరిగా పొరుగూరికి నడిచి వెళ్ళేది కాదు.

ఇకమీదట మన డయోసీసులో ఏ సహోదరీ అట్లు ఒంటరిగా నడువకుండును గాక. ఆమేన్.